కుడిచేతి బీపీ

మా ఇంట్లో బీపీ మిషన్ కొన్నది నా భార్యకు బీపీ తక్కువగా ఉందని తెలిసిన ఆరో వారంలో. అంతవరకు ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీ దగ్గరే చూపించేవాళ్ళం. ఆయన వారానికి రెండుసార్లు చూసి చీటీ ముక్క మీద అంకె రాసి ఇచ్చేవాడు. తొంభై బై అరవై. ఎనభై ఎనిమిది బై యాభై ఎనిమిది. ఆ చీటీలు నేను పారేయలేదు. తేదీ, సమయం, తిండికి ముందా తర్వాతా అన్నది కలిపి ఇంట్లో నోటుబుక్కులో ఎక్కించేవాణ్ణి.

నా పని అలాంటిది. మా ఊరు పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్ళే రోడ్డుకు కొంచెం లోపల, అడవి అంచున ఉంటుంది. చుట్టూ కాగితం మిల్లుల కోసం పెంచే జామాయిల్ తోటలు. తోట కొట్టించే ముందు ఎన్ని టన్నులు దిగుతుందో రైతు తెలుసుకోవాలనుకుంటాడు. అప్పుడు నన్ను పిలుస్తాడు. టేపుతో రొమ్ము ఎత్తున చుట్టుకొలత తీసి, ఎత్తు అంచనా కట్టి, వరసలు లెక్కబెట్టి, నిలబడి ఉన్న తోట మొత్తం బరువు చెప్తాను. ఇది నాకెవరూ నేర్పలేదు. నేను పదో తరగతి తప్పాను. లెక్కల్లో కాదు, ఇంగ్లీషులో. ఇరవై ఏళ్ళుగా నేను చెప్పిన టన్నులూ, తర్వాత కాటా మీద తూగిన టన్నులూ పక్కపక్కన రాసుకుంటూ నా లెక్కను నేనే దిద్దుకున్నాను. ఇప్పుడు నేను వంద అంటే తొంభై ఆరుకు, నూట నాలుగుకు మధ్యలో తూగుతుంది.

నా భార్యకు అప్పుడు ముప్పై ఏడేళ్ళు. ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే ఇద్దరిలో ఒకామె. రోజూ నూట పన్నెండు మంది పిల్లలకు అన్నం, పప్పు లేదా సాంబారు, వారంలో మూడు రోజులు గుడ్డు. ఆ ఎండాకాలానికి ముందు నుంచీ ఆమెకు ఒంట్లో బాగుండటం లేదు. సాయంత్రాలు ఒళ్ళు కాలేది. ఆరు కిలోలు తగ్గింది. సాంబారు గిన్నెలో గరిటె తిప్పుతుంటే కుడిచెయ్యి గుంజేది, కాసేపు ఆపితే తగ్గేది. ఒక్కోసారి గరిటె తిప్పుతూనే కళ్ళు తిరిగేవి. అప్పుడు గరిటె ఎడమచేతికి మార్చుకునేది.

తోటి వంటామె నవ్వేదట. "ఏందక్కా, ఎడమచేత్తో కలుపుతున్నవ్? పిల్లలకు అన్నం అరగదు."

"అరగకపోతే ఇంటికాడ తక్కువ తింటరు. వాళ్ళమ్మలకు సుఖం," అనేదట నా భార్య.

కళ్ళు తిరగడం, నీరసం, చెయ్యి చల్లబడటం. మూడూ కలిపి ఆర్‌ఎంపీ బీపీ డౌన్ అన్నాడు. నాడి పట్టి చూసి, "అందుతనే లేదక్కా, బాగా పడిపోయింది," అన్నాడు. అంకె కూడా అదే చెప్పింది. ఉప్పు ఎక్కువ తినమన్నాడు. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు ఉప్పు మజ్జిగ. మరీ నీరసంగా ఉన్న రోజున సెలైన్ సీసా.

ఆయన దగ్గర కూర్చున్నప్పుడల్లా ఆమె కుడిచెయ్యే చాపేది. ఎవరైనా అంతే. మా దగ్గర పెద్దవాళ్ళకు ఏదైనా ఇచ్చేది, పుచ్చుకునేది కుడిచేత్తోనే, డాక్టరు ముందు పెట్టేది కూడా కుడిచెయ్యే. ఒకసారి ఆయన బల్ల ఎడమవైపు జరిపి ఉండటంతో ఆమె అనుకోకుండా ఎడమచెయ్యి పెట్టింది. తోడు వచ్చిన మా అమ్మ వెంటనే అంది: "గదేంది పిల్లా, సారుకు ఎడమచెయ్యి ఇస్తవా?" ఆమె కుర్చీ తిప్పుకుని కుడిచెయ్యి ఇచ్చింది. ఆయన కూడా ఫరవాలేదు అనలేదు. సెలైన్ పెట్టేటప్పుడు మాత్రం సూది ఎడమచేతికే, ఎందుకంటే కుడిచెయ్యి అన్నం తినడానికి కావాలి. ఎడమచేతికి సూది ఉన్నాక బీపీ పట్టీ మళ్ళీ కుడిచేతికే కట్టాలి. అలా ఏ దారిన వచ్చినా పట్టీ ఒకే చేతికి చేరేది.

మిషన్ కొన్నాక నేను దాని పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. బొమ్మలో పట్టీ ఎడమచేతికి కట్టి ఉంది. నేను ఆగి ఆలోచించాను. నోటుబుక్కులో అప్పటికే పదకొండు అంకెలు ఉన్నాయి, అన్నీ కుడిచేతివి. ఇప్పుడు చెయ్యి మారిస్తే పాత అంకెలతో కొత్తవి పోల్చడం కుదరదు. కొలత మొదలుపెట్టాక పద్ధతి మార్చకూడదన్నది నేను తోటల్లో పాటించే నియమం. సగం తోట రొమ్ము ఎత్తున, సగం మోకాలి ఎత్తున కొలిస్తే వచ్చేది లెక్క కాదు. అందుకని బొమ్మను పక్కన పెట్టి కుడిచేతికే కట్టాను.

ఇంకొకటి చేశాను. ఆ మిషన్ కొన్నిసార్లు అంకె చూపించేది కాదు. గాలి ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, చివరికి తప్పు అని సూచించే ఇంగ్లీషు అక్షరం ఒకటి చూపించేది. పట్టీ సరిగ్గా కట్టలేదనుకుని మళ్ళీ కట్టేవాణ్ణి. అంకె వచ్చేవరకు రెండుసార్లు, మూడుసార్లు. వచ్చిన అంకె రాసేవాణ్ణి. రానివి రాయలేదు.

రెండు నెలల్లో డెబ్బై ఒక్క అంకెలు చేరాయి. ఉప్పు మజ్జిగ తాగిన వారాల్లో అంకె ఎనభై ఎనిమిది నుంచి తొంభై ఆరు వరకు పెరిగింది. గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి గీత కలిపాను. గీత పైకి పోతోంది. ఉప్పు పనిచేస్తోందని ఆమెకు చూపించాను.

"గీత మంచిగనే ఉంది," అంది ఆమె. "నా తలకాయే పగులుతున్నది."

తలనొప్పి కట్టెల పొయ్యి పొగ వల్ల అనుకున్నాం. చూపు మసకబారడం కూడా పొగ వల్లే అనుకున్నాం.

జూలై నెలలో ఒక బుధవారం పదకొండున్నరకు బడి నుంచి ఫోన్ వచ్చింది. ఆమె వాంతి చేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఎదురుగా ఉన్న గిన్నె రెండుగా కనబడుతోందని చెప్పింది. ఆటోలో భద్రాచలం తీసుకెళ్ళాం. నేను, మా అమ్మ. నోటుబుక్కు నా సంచిలో ఉంది.

దవాఖానాలో నర్సు కుడిచేతికి పట్టీ కట్టి ఎనభై నాలుగు బై యాభై ఆరు అంది. నేను నోటుబుక్కు తీసి, మామూలుగా ఇలాగే ఉంటుందని చూపించాను. సెలైన్ పెట్టమని రాశారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు పాతికేళ్ళు దాటి ఉంటాయి. సూది పెట్టడానికి నరం దొరకలేదని నర్సు పిలిస్తే వచ్చింది. ఎడమచెయ్యి పట్టుకుని నరం వెతుకుతూ ఆగింది. మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి అలాగే ఉంది. తర్వాత మంచం చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి కుడి మణికట్టు పట్టుకుంది. మళ్ళీ అటు వెళ్ళింది.

"సెలైన్ ఆపండి," అంది. "పట్టీ ఇటు ఇవ్వండి."

ఎడమచేతికి కట్టింది. పాదరసం పైకి వెళ్తూ ఉంది. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి గీతలు లెక్కబెడుతున్నాను. దిగేటప్పుడు రెండు వందల పద్నాలుగు దగ్గర చప్పుడు వినిపించిందని చెప్పింది. కింది అంకె నూట ఇరవై.

"మేడమ్, మిషన్ చెడిపోయిందేమో," అన్నాను.

ఆమె పట్టీ విప్పించి కాలికి కట్టించింది. అక్కడా రెండు వందలు దాటింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఈ నోటుబుక్కులో ఉన్నవన్నీ ఏ చేతివి?"

"కుడిచేతివే మేడమ్. మధ్యల మార్చలే."

"ఎప్పుడైనా మిషన్ అంకె చూపించకుండా ఆగిపోయేదా?"

"అవ్. శానా సార్లు."

"ఎన్నిసార్లు?"

నాకు తెలియదు. నా దగ్గర లేని అంకె అదొక్కటే.

మా అమ్మ అడిగింది: "ఒక్క మనిషికి రెండు బీపీలు ఉంటయా బిడ్డా?"

"ఉండకూడదమ్మా. కుడిచేతికి పోయే రక్తనాళం ఎక్కడో మూసుకుపోతోంది. అందుకే అక్కడ తక్కువ చూపిస్తోంది. ఒంట్లో ఉన్న అసలు బీపీ ఇది." ఆమె ఎడమచేతి వైపు చూపించింది. "ఇన్ని రోజులు ఏమిచ్చారు?"

ఉప్పు మజ్జిగ అని మా అమ్మే చెప్పింది. డాక్టరమ్మ ఆ మాట చీటీ మీద రాసుకుంది. ఏమైనా అని ఉంటే బాగుండేదని తర్వాత మా అమ్మ అంది.

ఆ సాయంత్రం కంటి డాక్టరు ఆమె కళ్ళలోకి లైటు వేసి చూసి, వెనక పొర మీద రక్తపు చుక్కలు ఉన్నాయని చెప్పాడు. ఇంకొన్ని వారాలు ఇలాగే నడిచి ఉంటే చూపు పోయేది, లేదా మెదడులో నాళం చిట్లేది. రెండింట్లో ఏది ముందు అన్నది ఎవరూ చెప్పలేరన్నాడు. బీపీని ఒక్కసారిగా దించకుండా మెల్లగా దించాలని రెండు రోజులు మంచం మీదే ఉంచారు.

ఆ రెండు రోజుల్లో నాకు పెద్దగా పని లేదు. తోటల్లో నేను చేసే లెక్క గురించి ఆలోచించాను. తోట అంచు వరసలో చెట్లకు ఎండ ఎక్కువ తగులుతుంది. అవి లోపలి వరసల కన్నా లావుగా పెరుగుతాయి. నడవడం బద్ధకమై అంచు వరస ఒక్కటే కొలిచి తోట మొత్తానికి లెక్క కట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళను చూసి నేను నవ్వేవాణ్ణి. నా భార్య విషయంలో నేను చేసిందీ అదే. డెబ్బై ఒక్కసార్లు ఒకే వరస కొలిచాను.

అక్కడి నుంచి ఖమ్మం పంపారు. రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసే స్కాన్ అక్కడ చేశారు. అక్కడే ఖానాపురం హవేలిలో ఉన్న మా అక్క ఇంట్లో మూడు రోజులు ఉన్నాం. రిపోర్టు పట్టుకుని హైదరాబాద్ వెళ్ళాం. కీళ్ళ జబ్బులతో పాటు, ఒంటి రక్షణ దారి తప్పి వచ్చే జబ్బులు చూసే డాక్టరు ఒకాయన ఉన్నాడు. యాభై ఏళ్ళు ఉంటాయి. మాట్లాడే ముందు ఆమె రెండు మణికట్లు ఒకేసారి పట్టుకున్నాడు. మెడకు రెండువైపులా, కాలర్ ఎముకల కింద, పొట్ట మీద గొట్టం పెట్టి విన్నాడు. సన్నని సందులోంచి నీళ్ళు పోయినట్టు చప్పుడు వస్తోందట.

"రోగాలతో పోరాడే బలగం మన ఒంట్లోనే ఉంటుంది కదమ్మా," అన్నాడు. "మీకు అది దారి తప్పింది. సొంత రక్తనాళాల గోడల మీద పడింది. గోడ వాచింది. వాచేకొద్దీ లోపలి దారి సన్నబడుతుంది."

"పైపుల పాకుడు పట్టినట్టా సార్?"

"పాకుడైతే గీకేయొచ్చు. ఇక్కడ పైపే ఉబ్బింది."

ఎక్కడెక్కడ అన్నది కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ఒకటి కుడిచేతికి వెళ్ళే నాళం. రెండోది ఎడమ కిడ్నీకి వెళ్ళేది. కిడ్నీకి రక్తం అందక, ఒంట్లో బీపీ తగ్గిపోయిందనుకుని అది బీపీ పెంచుతోంది. కుడిచెయ్యి ఆ పెరుగుదలను దాచిపెట్టింది. జబ్బు పేరు ఒక జపాను కంటి డాక్టరు పేరు. మా నోటికి తిరగలేదు. నాడి దొరకని జబ్బు అని ఇంకో పేరు కూడా ఉందన్నాడు.

"జపాన్ జబ్బు నాకెట్ల అంటుకుంది సార్?" అంది నా భార్య. "నేను ఖమ్మం దాటి ఇయ్యాలే వచ్చిన."

ఆయన నవ్వాడు. అంటుకునేది కాదన్నాడు. ఎందుకు వస్తుందో ఎవరికీ పూర్తిగా తెలియదన్నాడు. చాలా అరుదు అన్నాడు. ఎంతమందిలో ఒకరికి వస్తుందని నేను అడిగాను.

"ఆ లెక్క మీకెందుకు? మీ ఇంట్లో వచ్చింది. మీకు ఒకరిలో ఒకరికి వచ్చినట్టే."

తర్వాత ఆయన అసలు విషయం చెప్పాడు. కుడి కిడ్నీ పొడవు పది పాయింట్ రెండు సెంటీమీటర్లు. ఎడమది ఎనిమిది పాయింట్ ఆరు. రక్తం చాలక ముడుచుకుంటోంది. ఆ నాళాన్ని బెలూన్‌తో తెరవొచ్చు. కానీ గోడ వాచి ఉండగా తెరిస్తే మళ్ళీ మూసుకుపోతుంది. కాబట్టి ముందు వాపు తగ్గాలి. వాపు తగ్గేలోపు కిడ్నీ మరీ ముడుచుకుపోతే తెరిచినా లాభం ఉండదు. ఈ రెండింటి మధ్య ఆమె కిడ్నీ ఉంది. అది పోతే బీపీ అదుపులోకి రావడం కష్టం. బీపీ అదుపులో లేకపోతే ఏం జరుగుతుందో భద్రాచలంలో కంటి డాక్టరు చెప్పనే చెప్పాడు.

ముందు ఛాతీ ఎక్స్‌రే తీసి, టీబీ లేదని చూసుకుని మందులు మొదలుపెట్టారు. స్టెరాయిడ్ రోజుకు నలభై మిల్లీగ్రాములు, మొదటి నెల అంతా. తర్వాత రెండు వారాలకొకసారి ఐదు చొప్పున తగ్గించాలి. సొంతంగా ఆపితే ప్రమాదం. రెండో మందు వారానికి ఒక్కసారే. చీటీ మీద ఆ మాట చుట్టూ డాక్టరు మూడుసార్లు గీత గీశాడు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారమో మీరే చెప్పండి అంటే ఆమె గురువారం అంది. వేసుకున్న మర్నాడు వికారంగా ఉంటుందన్నారు కాబట్టి ఆదివారం కూర పాడుచేసుకోవడం ఇష్టం లేదట. బీపీకి నాలుగు మాత్రలు. ఉప్పు బాగా తగ్గించాలి.

నేను అట్ట మీద పట్టిక గీశాను. రెండు చేతుల బీపీకి రెండు గళ్ళు. అంకె రాకపోతే రాలేదని రాయడానికి ఒక గడి. మాత్ర వేసుకున్నట్టు అంచున టిక్కు.

ఇంటికి వచ్చిన రోజు మా అమ్మ పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చుంది. "మజ్జిగల ఉప్పేసి ఇచ్చింది నేనే గదరా," అంది.

"రాసుకుంట కూసున్నది నేను," అన్నాను.

మర్నాటి నుంచి ఇంట్లో ఎవరి కూరలోనూ ఉప్పు సరిపోలేదు. నేను అడగలేదు. నా భార్య అడిగింది. "అత్తమ్మా, జబ్బు నాకు గదా, గీయనకెందుకు చప్పటి పప్పు?"

"తిననీ. ఈడు గీసిన గీతకు ఆ మాత్రం పడాలె."

ఆర్‌ఎంపీకి రిపోర్టులు చూపించాను. ఆయన కాగితాలన్నీ తిప్పి చూశాడు. "రెండు చేతులు చూడాలని మాకెవ్వరు చెప్పలే అన్నా," అన్నాడు. ఆ నెల నుంచి ఆయన బల్ల మీద ఒక మనిషికి రెండుసార్లు పట్టీ కడుతున్నారని ఊళ్ళో చెప్పుకున్నారు. ఒక ముసలాయన, రెండు చేతులకు రెండు ఫీజులా అని అడిగాడట.

స్టెరాయిడ్‌కు ఆమె ముఖం గుండ్రంగా అయింది. మూడు నెలల్లో పోయిన ఆరు కిలోలకు తొమ్మిది కిలోలు తిరిగి వచ్చాయి. బోరింగు దగ్గర ఆడవాళ్ళు, "ఒళ్ళు చేసినవే, మొగుడు మంచిగ సూస్తున్నడా?" అనేవాళ్ళు. ఆమె మొదట్లో జబ్బు అని చెప్పేది. తర్వాత చెప్పడం మానేసి, "అవ్, రోజు లెక్కబెట్టి సూస్తడు," అనేది.

నెలకొకసారి పాల్వంచ మీదుగా బస్సులో హైదరాబాద్ వెళ్ళేవాళ్ళం. అక్కడి కరెంటు ప్లాంటులో రాత్రి షిఫ్టు దిగినవాళ్ళతో పొద్దున బస్సు నిండి ఉండేది. కిటికీ పక్క సీటు ఎవరో ఒకరు ఆమెకు ఇచ్చేవారు. రక్తపరీక్షలో వాపును చూపించే అంకె మొదట్లో ఎనభై ఎనిమిది. తర్వాత అరవై రెండు, నలభై ఒకటి, ముప్పై మూడు. కిడ్నీ ఎనిమిది పాయింట్ ఆరు, ఎనిమిదిన్నర, ఎనిమిదిన్నర, ఎనిమిది పాయింట్ నాలుగు. ఒకటి దిగాలి, రెండోది దిగకూడదు. ఒక పాయింట్ తేడా మిషన్ పట్టుకునే చేతిని బట్టి కూడా రావచ్చని స్కాన్ తీసేవాళ్ళు చెప్పారు. అది నాకు అర్థమైంది. అయినా ఆ పాయింట్ నాలుగు చూసిన రోజు బస్సు ఎక్కగానే రిపోర్టును సంచి అడుగుకు తోసేశాను.

"తగ్గిందా, పెరిగిందా?" అని ఆమే అడిగింది.

"అటు ఇటు."

"అటా, ఇటా?"

"జర తగ్గింది."

ఆమె కిటికీ వైపు తిరిగింది. కొత్తగూడెం వచ్చాక, "రెండో కిడ్నీ మంచిగున్నది గదా," అంది.

ఐదో నెలలో వాపు అంకె ఇరవై రెండుకు వచ్చింది. డాక్టరు ఇక ఆగనక్కరలేదన్నాడు. తొడ దగ్గర నుంచి సన్నని తీగ పంపి, ఎడమ కిడ్నీ నాళంలో బెలూన్ ఉబ్బించి తీశారు. యాభై నిమిషాలు పట్టింది. సాయంత్రం ఎడమచేతి బీపీ నూట యాభై రెండు బై తొంభై. వారం తర్వాత నూట ముప్పై నాలుగు బై ఎనభై రెండు, అదీ నాలుగు మాత్రలకు బదులు రెండింటితో. కుడిచేతి నాళాన్ని తెరవలేదు. చుట్టుపక్కల చిన్న నాళాలు పెరిగి ఆ చేతికి రక్తం అందిస్తున్నాయట. బరువు ఎత్తొద్దన్నారు. ఏడాది తిరిగేసరికి కిడ్నీ ఎనిమిదిన్నర దగ్గర నిలబడింది. కంటి పొర మీద చుక్కలు పోయాయి. ఆమె మళ్ళీ బడికి వెళ్తోంది. గరిటె రెండో ఆమె తిప్పుతుంది, ఈమె బియ్యం కొలిచి, పోపు పెట్టి, రుచి చూస్తుంది. ఉప్పు మాత్రం వేరేవాళ్ళతో చూపిస్తుంది.

స్టెరాయిడ్ ఐదు మిల్లీగ్రాములకు దిగింది. ఆ రోజు డాక్టరును నేను అడిగాను. మూడు గళ్ళు నింపుతున్నాను, ఇందులో ఏ అంకె మీద ఎక్కువ కన్నేసి ఉంచాలి అని.

"ఈ జబ్బులో అంకెలు బాగున్నా గోడ లోపల వాపు నడుస్తూ ఉండొచ్చు," అన్నాడు. "ఆవిడేమంటున్నారో కూడా రాయండి."

నేను నాలుగో గడి గీశాను. చాలా నెలలు అందులో రాయడానికి పెద్దగా ఏమీ లేదు. "ఏం లేదు" అని ఆమె చెప్పేది. "ఏం లేదు" అని రాసేవాణ్ణి.

మొన్నటి మార్చిలో, ఒక మంగళవారం పొద్దున పట్టీ విప్పుతుంటే, "మెడ పక్కన నొస్తున్నది," అంది. ఎడమ దవడ కింద. ముట్టుకుంటే ఎక్కువ. నిద్రలో మెడ పట్టేసి ఉంటుందని మా అమ్మ అంది. ఎడమచేతి బీపీ నూట ఇరవై ఎనిమిది బై ఎనభై. కుడిచేతిది ఎప్పటిలాగే తొంభై ఎనిమిది. జ్వరం లేదు. వారం కిందటి రక్తపరీక్షలో వాపు అంకె పద్నాలుగు. అంతకన్నా తక్కువ ఎప్పుడూ లేదు. మూడు గళ్ళూ బాగున్నాయి. నాలుగో గడిలో నొప్పి అని ఉంది.

నేను ఆ రోజు వేంసూరు వెళ్ళాలి. తోట కొలుస్తానని ఒక రైతుకు మాటిచ్చాను. చొక్కా వేసుకుని గుమ్మం దాకా వెళ్ళాను. తర్వాత ఆయనకు ఫోన్ చేసి రానని చెప్పాను.

"మెడ నొప్పికి హైదరాబాదా?" అంది నా భార్య. "నలుగురు నవ్వుతరు."

"నవ్వనీ. సంచి సదురు."

హైదరాబాద్‌లో డాక్టరు పరీక్షలు చూసి, అంతా మామూలుగానే ఉంది కదా, ఎందుకు వచ్చారని అడిగాడు.

"ఆమె నొప్పి అంటున్నది సార్."

ఆయన మెడ మీద వేలు పెట్టాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. వెంటనే స్కాన్‌కు రాశాడు. ఎడమవైపు మెదడుకు వెళ్ళే నాళం గోడ మందంగా ఉంది. లోపలి దారి ఇంకా సన్నబడలేదు. ఇంకో రెండు మూడు నెలలు ఆగి ఉంటే సన్నబడి ఉండేదని, అప్పుడు మందులతో వెనక్కి తీసుకురావడం కష్టమయ్యేదని చెప్పాడు. స్టెరాయిడ్ మళ్ళీ ముప్పైకి పెంచాడు. వారం మందు మార్చాడు.

ఆమె చీటీ నా చేతిలోంచి తీసుకుని ముప్పై అన్న అంకె చూసింది. "మళ్ళ బూరె మొఖమే," అంది. డాక్టరు కొన్ని నెలలే అన్నాడు. "ఉండనీ సార్. మెదడు కన్నా మొఖం ఎక్కువ గాదు."

ఇంటికి వచ్చి కొత్త అట్ట మీద పట్టిక గీశాను. ముప్పై, ఇరవై ఐదు, ఇరవై. ఐదుకు చేరే తేదీ లెక్క కట్టాను, పెన్సిల్‌తో. పదో రోజు పొద్దున రెండు చేతులకూ కట్టి, రెండు అంకెలూ రాసి, మెడ ఎలా ఉందని అడిగాను.

"సగం తగ్గింది."

"సగమంటే ఎంత?"

"సగమంటే సగం. నీ టేపు పెట్టి కొలుస్తవా?"

నేను సగం అని రాశాను.